జోడు సాక్ష్యం

శ్రీహరికోట అనగానే కళ్లముందు మెదిలేది పెద్ద రాకెట్. కౌంట్‌డౌన్, నిప్పులు, సూళ్లూరుపేట రోడ్డు పొడవునా ఆగిపోయిన బస్సులు, సెల్‌ఫోన్లు పైకెత్తిన జనం. ఆ వైభవాన్ని తక్కువ చేయను. కానీ పరిశోధనలోని పనితనం చూడాలనుకునేవాళ్లకు అదే దీవి నుంచి, జనం గుమిగూడని వేళల్లో లేచిన చిన్న రాకెట్ల దగ్గర దొరికేది ఎక్కువ. 1971 అక్టోబరు 9న ఈ కేంద్రం పని మొదలుపెట్టింది కూడా అలాంటి చిన్నదానితోనే. దాని పేరు ఆర్‌హెచ్-125. ఆ అంకె రాకెట్ వ్యాసం, మిల్లీమీటర్లలో. జానెడు కూడా లేదన్నమాట. తర్వాత వచ్చిన ఆర్‌హెచ్-560 దానికి పెద్దన్న. వీటిని సౌండింగ్ రాకెట్లంటారు. ఇవి దేన్నీ కక్ష్యలో పెట్టవు. పైకి వెళ్లి, కొన్ని నిమిషాల పాటు కొలవాల్సింది కొలిచి, బంగాళాఖాతంలో పడిపోతాయి.

అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీ వాళ్లు ఈ రాకెట్లతో శ్రీహరికోట ఆకాశంలో రంగు మేఘాలు వదిలి చూశారు. ఎందుకో తెలియాలంటే ముందు వాళ్లను వేధించిన ప్రశ్న తెలియాలి.

మన నెత్తిన రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున అయనావరణం ఉంది. ఎండ తాకిడికి అక్కడి పలుచటి గాలిలో కొంత ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోయి ఉంటుంది. పొద్దుగుంకాక ఈ పొర కొన్ని రాత్రులు నెమ్మదిగా ఉంటుంది, కొన్ని రాత్రులు కుతకుతలాడుతుంది. అడుగున ఉన్న పలుచని భాగం బుడగలు బుడగలుగా లేచి పైనున్న దట్టమైన భాగంలోకి దూసుకుపోతుంది. ఆ బుడగల గుండా వచ్చే రేడియో సంకేతాలు మిణుకుమిణుకుమంటాయి. ఇవాళ ఫోనులో దారి చూపించే ఉపగ్రహ సంకేతాలకూ అదే గతి. దీనికి స్ప్రెడ్-ఎఫ్ అని పేరు. పెరూ దేశంలోని హువాంకాయోలో తీసిన రికార్డుల నుంచి బుకర్, వెల్స్ అనే ఇద్దరు 1938లో దీన్ని మొదట వివరించారు. భూమి అయస్కాంత రేఖలు నేలకు సమాంతరంగా సాగే అయస్కాంత భూమధ్యరేఖ చుట్టుపక్కల దీని ఆగడం ఎక్కువ. ఆ రేఖ కేరళలో తుంబా దగ్గరగా పోతుంది. శ్రీహరికోట దానికి కొద్ది డిగ్రీల ఉత్తరాన ఉంది.

చిక్కేమిటంటే, ఒకే నెలలో అచ్చం ఒకేలా కనిపించే రెండు సాయంత్రాల్లో ఒకనాడు బుడగలు లేస్తాయి, మర్నాడు లేవవు. తేడా ఎక్కడుంది? అనుమానం ఇద్దరి మీద: ఒకటి ఆ ఎత్తున ఉండే విద్యుత్ క్షేత్రం, రెండోది అక్కడ వీచే గాలి. రెండూ కంటికి కనిపించేవి కావు. రెండూ ఆ పొరను కదిలించగలవు. పొర కదిలిందని తెలుసుకున్నంత మాత్రాన కదిలించింది ఎవరో తేలదు.

కాలవలో నీళ్లు పారుతున్నాయో నిలిచి ఉన్నాయో తెలియకపోతే గుప్పెడు పొట్టు చల్లి చూస్తాం. అక్కడ పైన చల్లిన పొట్టు బేరియం. రాకెట్ ముక్కులో ఒక డబ్బా, అందులో బేరియం లోహపు ముక్కలు, రాగి ఆక్సైడు పొడి. బేరియం కావాలనే ఎక్కువ వేస్తారు. అనుకున్న ఎత్తుకు చేరగానే నిప్పు అంటుకుంటుంది. కొంత బేరియం ఆక్సైడుతో మండి వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి మిగిలిన బేరియం ఆవిరై బయటికి చిమ్ముతుంది. బేరియాన్నే ఎందుకు ఎంచుకున్నారన్నదాంట్లో ఉంది ఈ పనివాళ్ల తెలివంతా. బేరియం ఆవిరి మీద ఎండ పడితే దాదాపు అర నిమిషంలోనే అందులో చాలా భాగం ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్ అయిపోతుంది. అదే డబ్బాలో స్ట్రాన్షియం కూడా కలిపితే అది అంత తొందరగా మారదు, చాలాసేపు మామూలు ఆవిరిగానే ఉంటుంది. ఒకే చోట, ఒకే క్షణంలో పుట్టిన మేఘం ఇలా రెండుగా విడిపోతుంది.

మామూలు ఆవిరికి విద్యుత్తుతో, అయస్కాంతంతో నిమిత్తం లేదు. గాలి ఎటు తోస్తే అటు పోతుంది, ఉండలా మెల్లగా ఉబ్బుతుంది. అయాన్ల మేఘం అలా కాదు. ఆ ఎత్తున గాలి ఎంత పలుచనంటే, ఒక అయాన్ ఇంకో అణువును ఢీకొనేలోపు అయస్కాంత రేఖ చుట్టూ ఎన్నో చుట్లు తిరిగేస్తుంది. కాబట్టి అది ఆ రేఖకు కట్టుబడి ఉంటుంది. రేఖ వెంబడి సాగగలదు గానీ గాలి ఎంత తోసినా రేఖను దాటి పక్కకు పోలేదు. పక్కకు జరపగలిగింది విద్యుత్ క్షేత్రం ఒక్కటే. అందుకే ఆ మేఘం ఉత్తర దక్షిణాలుగా సాగి, కడ్డీలా మారి, తన దారిన తాను పోతుంది. రంగులు కూడా వేరు. మామూలు బేరియం ఆకుపచ్చగా, స్ట్రాన్షియం నీలంగా, బేరియం అయాన్లు ఊదాగా మెరుస్తాయి. నీలపు మేఘం జరిగిన దూరం గాలి సాక్ష్యం. ఊదా మేఘం జరిగిన దూరం విద్యుత్ క్షేత్రం సాక్ష్యం. ఇద్దరు సాక్షులూ ఒక ఇంటివాళ్లే, ఒకేసారి బయల్దేరినవాళ్లే, కానీ ఒకరి మాట ఇంకొకరికి అంటదు.

దీనికి కుదరాల్సిన ముహూర్తం కూడా ఆషామాషీ కాదు. మేఘం కనపడాలంటే కింద చీకటి పడాలి, పైన మాత్రం ఇంకా ఎండ ఉండాలి. అలాంటి సంధి పొద్దుగుంకాక కాసేపే దొరుకుతుంది. చంద్రుడు ఉండకూడదు. మబ్బు ఉండకూడదు. అది కూడా ఒక్క శ్రీహరికోటలో కాదు, కెమెరాలు పెట్టిన ప్రతిచోటా. ఒక్క కెమెరాతో తీస్తే మేఘం ఏ దిక్కున ఉందో తెలుస్తుంది గానీ ఎంత దూరాన ఉందో తెలియదు. దూరదూరంగా కనీసం రెండు చోట్ల నుంచి ఒకే క్షణాన తీయాలి. ఫొటోలో మేఘం వెనక పడిన నక్షత్రాలే కొలబద్ద. ఏ నక్షత్రం ఎక్కడ ఉంటుందో పట్టికల్లో ఉంటుంది కాబట్టి, రెండు ఫొటోల్లో మేఘం అంచు ఏయే నక్షత్రాల పక్కన పడిందో చూసి లెక్క కడితే ఎత్తు, దూరం తేలతాయి. ఇవన్నీ ఒక ఎత్తు, నిరీక్షణ ఒక ఎత్తు. బుడగలు లేవబోయే రాత్రే రాకెట్ లేవాలి. కింద అయనోసోండ్ అనే యంత్రం కొద్దిసేపటికోసారి పైకి రేడియో తరంగాలు పంపి, పొర అడుగు ఎంత ఎత్తుకు లేచిందో గీస్తూ ఉంటుంది. ఆ గీత ఎగబాకడం చూసి నిర్ణయం తీసుకోవాలి. తొందరపడితే పొర ఇంకా కదలదు, ఆలస్యమైతే పైన ఎండ పోతుంది.

ఆర్. రాఘవరావు, ఆయన సహచరులు స్ప్రెడ్-ఎఫ్ మొదలయ్యే వేళ గాలులను, విద్యుత్ క్షేత్రాలను, ఎలక్ట్రాన్ సాంద్రతను ఆ ఎత్తునే కొలిచి 1987లో ప్రచురించిన పత్రం ఈ తరహా పనికి మంచి నమూనా. ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే లాంగ్మ్యూర్ ప్రోబ్ అన్నది చూడటానికి అతి సాదా పరికరం. రాకెట్ కొనకు ఒక లోహపు ముక్క, దానికి కొద్ది వోల్టులు, అది లాగే కరెంటును నేలకు పంపించే రేడియో, అంతే. ఆ కరెంటులో వచ్చే వణుకును చదివి పొరలో ఎంతెంత సైజు కల్లోలాలున్నాయో చెప్పడంలో అదే లాబొరేటరీకి చెందిన సత్యప్రకాశ్ బృందం తుంబా రోజుల నుంచీ అందెవేసిన చేయి. రాఘవరావు, ఆర్. శేఖర్‌లు లెక్క కట్టి చెప్పిన సంగతి నాకు మరీ ముచ్చటేస్తుంది. అడ్డంగా వీచే పెద్ద గాలుల మీద అందరూ దృష్టి పెట్టి ఉండగా, వీళ్లు కిందికి వీచే చిన్న గాలిని పట్టించుకున్నారు. పొర అడుగు భాగంలో, అణువుల తాకిడి ఇంకా గట్టిగా ఉన్నచోట, కిందికి దిగే కొద్దిపాటి గాలి కూడా గురుత్వాకర్షణతో చేయి కలిపి బుడగను లేపగలదన్నారు. పత్రం చదివితే ఇంత కథ ఉన్నట్టే అనిపించదు. సమీకరణాలు, పట్టిక, గ్రాఫు. శాస్త్రవేత్తలు తమ పనితనాన్ని దాచుకోవడంలో మహా ఘటికులు.

రాకెట్లూ కెమెరాలూ లేకుండా ఇదే బుద్ధితో చేసిన పని ఇంకొకటి, సరిగ్గా అంతకు యాభై ఏళ్ల ముందు, ఆ పత్రం నాటికి శ్రీహరికోట ఉన్న నెల్లూరు జిల్లా పేరుమీద వైద్యచరిత్రలో నిలిచింది. అప్పటి నెల్లూరు జిల్లా పులికాట్ సరస్సు దగ్గర మొదలై, ఉత్తరంగా సాగి, తీరాన్ని విడిచి లోపలికి కనిగిరి, పొదిలి, దర్శి దాకా పోయేది. ఆ తాలూకాలు తర్వాత ప్రకాశం జిల్లాలో కలిశాయి. తీరం పక్కన ఇసుక, లోపలికి పోతే రాయి. ఆ రాతినేల ఊళ్లలో నడివయసుకే నడుం పట్టుకుపోయి, మెడ తిప్పలేక, కూర్చుంటే లేవలేక ఉండేవాళ్లు ఇంటింటా ఉండేవారు. పిల్లలకు గారపళ్లు. దీన్ని ముందు పసిగట్టింది డాక్టర్లు కాదు, రైతులు. అది కూడా మనుషుల్లో కాదు, ఎడ్లలో. కాళ్లు బిగుసుకుని నాగలి లాగలేకపోతున్న ఎడ్లను చూసి.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్. ఇ. షార్ట్, మద్రాసు జనరల్ ఆస్పత్రి వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి 1937లో ప్రచురించిన పత్రం ఈ జబ్బుకు కారణం తాగునీటిలోని ఫ్లోరైడు అని తేల్చింది. ఎముకల ఫ్లోరోసిస్ ఒక ప్రాంతాన్నంతా పట్టిందని, అదీ నీళ్ల వల్లనని ప్రపంచానికి మొదట తెలిసిన చోట్లలో ఇది ముఖ్యమైనది. అదే ఏడు షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా గురించే ఇంకో పత్రం రాశారు. 1940లో పండిట్, రాఘవాచారి బృందం దాన్ని దక్షిణ భారతమంతటికీ విస్తరించింది. షార్ట్ అంటే, తర్వాత 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని కనిపెట్టిన ఆ షార్టే. పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి సారథి అయ్యారు.

వీళ్ల పనిలో మెచ్చుకోవాల్సింది ఫ్లోరైడును అనుమానించడం కాదు. ఆ పేరు అప్పటికే గాలిలో ఉంది. అమెరికాలో పళ్ల మీద గార మచ్చలకు కారణం నీళ్లలోని ఫ్లోరిన్ అని 1931లో తేలింది. డెన్మార్క్‌లో క్రయొలైట్ ఖనిజం పొడిచేసే ఫ్యాక్టరీ కూలీల ఎక్స్‌రేల్లో ఎముకలు సున్నపురాయిలా తెల్లగా దట్టమై కనిపించాయని మోలర్, గుడ్‌జాన్సన్ 1932లో రాశారు. కానీ పళ్ల సంగతి ఒక దేశంలో, ఎముకల సంగతి ఇంకో దేశంలో ఉంది. ఒకరు నీళ్లు తాగినవాళ్లు, ఇంకొకరు దుమ్ము పీల్చినవాళ్లు. ఈ రెండూ ఒకే జబ్బు అని చెప్పాలంటే ఒకే మనిషిలో రెండూ కనిపించాలి. పొదిలి, దర్శి రైతుల్లో కనిపించాయి. కోపెన్‌హాగెన్ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కని మనిషి వెన్నెముక ఆ కూలీ వెన్నెముకలాగే ఎక్స్‌రేలో తెల్లగా పడింది. వెన్నుపూసల మధ్య ఉండాల్సిన సందులకు అడ్డంగా ఎముక వంతెనలు, స్నాయువుల్లో సున్నం.

పన్నునూ ఎముకనూ పక్కపక్కన పెట్టడంలో ఒక గడుసుదనం ఉంది. పంటి పింగాణీ చిన్నతనంలోనే తయారై ముగిసిపోతుంది. ఆ వయసులో తాగిన నీళ్ల ముద్ర పంటి మీద జీవితాంతం ఉంటుంది, ఆ తర్వాత తాగిన నీళ్లది పడదు. ఎముక అలా కాదు. మనిషి బతికినన్నాళ్లూ కొద్దికొద్దిగా కరుగుతూ, కొత్తగా కడుతూ ఉంటుంది కాబట్టి ఫ్లోరైడును పోగేసుకుంటూనే పోతుంది. నడుం పట్టేసిన మనిషికి గారపళ్లు కూడా ఉంటే పుట్టిన ఊరి నీళ్లే కారణమని అనుకోవచ్చు. నడుం పట్టేసి, పళ్లు మాత్రం తెల్లగా ఉంటే పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాళ్లయి ఉండాలి. కోడలి నోరూ అత్తగారి నోరూ చూస్తే ఎవరు ఆ ఊళ్లో పెరిగారో చెప్పగలిగేంత. ఊరిపేరు అడక్కుండానే ఊరు చెప్పే సాక్ష్యం ఇది.

నీళ్లలో ఫ్లోరైడు కొలిచే పద్ధతి కూడా పక్కపక్కన పెట్టి చూసేదే. ఆ రోజుల్లో వాడుకలో ఉన్నది జిర్కోనియం, అలిజరిన్ రంగు పద్ధతి. ఈ రెండూ కలిస్తే ఎర్రటి రంగు. ఫ్లోరైడు ఉంటే అది జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఎంత వెలిసిందో చూడటానికి, తెలిసిన మోతాదుల్లో ఫ్లోరైడు కలిపిన గాజు గొట్టాలను వరసగా నిలబెట్టి, బావి నీళ్ల గొట్టాన్ని వాటి మధ్యకు జరుపుతూ ఏ రంగుతో కలుస్తుందో కంటితో పోల్చాలి. తెలిసీ తెలియకుండా చేస్తే మోసపోతాం. నీళ్లలో సల్ఫేట్లు ఎక్కువున్నా ఎరుపు తగ్గుతుంది. ఉప్పు నీళ్ల బావులున్న జిల్లాలో అది చిన్న సంగతి కాదు. అందుకే నమ్మకం కుదరనప్పుడు నీళ్లను ఆమ్లంతో మరగకాచి, ఫ్లోరైడును ఆవిరిగా వేరుచేసి, అప్పుడు రంగు చూడాలి. నీళ్ల కెమిస్టు రాఘవాచారి పేరు నెల్లూరు పత్రంలో చివర వస్తుంది. నా లెక్కన మొదట రావాల్సింది.

ఈ కథ 1937తో అయిపోలేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంగిపోయిన కుర్రాళ్ల గురించి రాశారు. ఫ్లోరైడు అదే, అవకరం కొత్తది. మరి మారింది నీళ్లలో ఇంకేమిటి, తిండిలో ఇంకేమిటి అని పోల్చడం మళ్లీ మొదటి నుంచి. ఇవాళ తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన ప్రమాణం.

ఇదే బుద్ధికి మూడో ఉదాహరణ పక్షులు. నెల్లూరు తీరంలో పక్షులంటే పులికాట్ ఫ్లెమింగోలు, నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు, 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డన్ గురించి. మందులిచ్చే ఉద్యోగం చేస్తూ పక్షుల మీద మనసు పెట్టిన మనిషి. అంతకుముందు తాను సేకరించిన పక్షి చర్మాలను గుర్తుపట్టమని స్కాట్లాండ్‌లోని సర్ విలియం జార్డిన్‌కు పంపితే, అవి చేరేసరికి పురుగులు తినేశాయి. ఆ దెబ్బతో ఇక్కడే, తన కళ్లనే నమ్ముకోవాల్సివచ్చింది. నెల్లూరులో ఆయనకు గురువులు యానాదులు. ఏ పిట్ట ఎక్కడ మేస్తుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో వాళ్ల దగ్గర తెలుసుకున్నాడు. 1843 నుంచి 1847 వరకు మద్రాసులో అచ్చయిన ఆయన బొమ్మల పుస్తకంలో యాభై పక్షులు. బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. తర్వాత 1860ల్లో వచ్చిన పెద్ద గ్రంథంలో లాటిన్ పేరు పక్కనే తెలుగు పేరు కూడా రాశాడు. పేర్లు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు. ఆ తెగవాళ్లే శ్రీహరికోట అడవిలోనూ ఉండేవాళ్లు, రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు అడవి విడిచి కాలనీల్లోకి రావాల్సివచ్చినవాళ్లు.

జెర్డన్ పంపిన పక్షుల్లో ఒకదాన్ని కలకత్తాలో బ్లిత్ 1848లో కొత్త జాతిగా వర్ణించాడు. అదే కలివికోడి. 1900 తర్వాత కనపడినట్టు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1986 జనవరిలో నెల్లూరుకు ఎగువన, అదే పెన్నా లోయలో, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ చేతికి ప్రాణాలతో అందింది. పట్టిచ్చింది ఐతన్న అనే స్థానికుడు. ఈసారి ఆ పేరు రికార్డుకెక్కింది.

దొరికింది సరే, ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి? రాత్రిపూట ముళ్లపొదల మధ్య నడిచే పక్షి. టార్చి వేస్తే దాక్కుంటుంది. పి. జగన్నాథన్, రీస్ గ్రీన్, అసద్ రహ్మానీ తదితరులు 2002లో ఓరిక్స్ పత్రికలో రాసిన ఉపాయం మెత్తటి మట్టి. పొదల సందుల్లో జల్లించిన మట్టిని పట్టీలుగా పరిచారు. పొద్దున్నే వెళ్లి అడుగుజాడలు చూశారు. కలివికోడి జాతికి వెనకవేలు ఉండదు, ముందు మూడు వేళ్లే. కానీ ఆ అడవిలో అలాంటి కాళ్లున్నది అదొక్కటే కాదు. పసుపు ముఖపు చిటవకూ వెనకవేలు లేదు. అందుకని మిగతా పక్షుల అడుగులు కూడా తీసి, కొలిచి, పక్కపక్కన పెట్టి, ఏ కొలత దాటితే ఏది కాదో తేల్చుకున్నారు. జాడ పడిన చోట దానంతటదే ఫొటో తీసే కెమెరా పెట్టి సరిచూసుకున్నారు. ఒక్క జాడను నమ్మలేదు, ఒక్క ఫొటో కోసం అడవంతా కెమెరాలూ పెట్టలేదు. చవకైనదాన్ని విరివిగా పరిచి, ఖరీదైనదాన్ని దాని వెనక నిలబెట్టారు.

ఇలాగే ఒక గుడ్డు కథ. స్కాట్లాండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించిన ఒక గుడ్డు కలివికోడిదని చీటీతో బయటపడింది. చీటీని నమ్మొచ్చా? గుడ్డు లోపలి పొర నుంచి డీఎన్‌ఏ తీసి, మ్యూజియంల్లో ఉన్న పాత కలివికోడి చర్మాల కాలివేళ్ల డీఎన్‌ఏతో పోల్చారు. కలిసింది. కలిస్తే సరిపోదని, దగ్గరి చుట్టాలైన ఇతర పక్షులతో కలవడం లేదని కూడా చూపించి 2013లో ప్రచురించారు.